కెమెరా ప్లేట్లకి కాంప్‌లో ఏ కలర్ స్పేస్ వాడాలి? డీఐ నుంచి షాట్లు ఎందుకు తిరిగొస్తున్నాయి?

మీ ప్రశ్నని నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మాదాపూర్‌లో చిన్న స్టూడియో. ఒక ఫాంటసీ సినిమా షాట్లు చేస్తున్నారు. మెయిన్ యూనిట్ అలెక్సా 35తో, సెకండ్ యూనిట్ పాత అలెక్సా మినీతో, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి రాత్రి షాట్లు సోనీ వెనిస్‌తో తీశారు. ప్లేట్లు, అంటే కెమెరాతో తీసిన అసలు ఫ్రేములు, ఈఎక్స్‌ఆర్ అనే బొమ్మ ఫైళ్లుగా హార్డ్ డిస్క్‌లో వచ్చాయి. కాంపోజిటింగ్ సాఫ్ట్‌వేర్ న్యూక్‌లో తెరిస్తే తెల్లగా పాలిపోయి కనిపించాయి. లాగ్2లిన్ నోడ్ పెట్టి, చీకటిగా ఉన్నచోట గెయిన్ పెంచి కాంప్ చేశారు, అంటే సీజీ, మంట లాంటివి ప్లేట్‌తో కలిపారు. పంపేటప్పుడు మళ్లీ అవే నోడ్లు తిరగేసి పంపారు. డీఐ వాళ్లు, అంటే ఆఖర్న సినిమా రంగులు సరిచేసేవాళ్లు, ప్లేట్ బాగానే ఉందన్నారు. కానీ సీజీ విగ్రహం ఎరుపు కళ్లలో పొడుస్తోంది, మంట చచ్చుగా ఉంది, గ్రీన్ మ్యాట్ తీసిన జుట్టు అంచుల్లో నల్ల గీత కనిపిస్తోంది, బ్రిడ్జి లైట్ల చుట్టూ నల్ల చుక్కలున్నాయి అని వెనక్కి పంపారు. సినిమా మధ్యలో ఏసెస్ అనే ప్రామాణిక కలర్ పద్ధతికి మారితే ఇవన్నీ పోతాయా అని అడుగుతున్నారు.

ఏసెస్‌కి మారినంత మాత్రాన పోవు. మీ నాలుగు సమస్యల్లో మూడింటికి మూలం ఒకటే. ఫైల్‌లో ఉన్న అంకెలు ఏ కెమెరావి, ఏ లాగ్ కర్వ్‌లో (వెలుతురుని నొక్కి రాసే లెక్క) ఉన్నాయి, ఏ గామట్‌లో (రంగుల పరిధి) ఉన్నాయి అని ఎవరూ రాసి ఇవ్వలేదు, మీరూ అడగలేదు. ఇక్కడ ప్లాట్ కొనేవాడికి "రెండొందలు" అని చెప్పి అవి గజాలా అడుగులా చెప్పకపోతే ఎలా ఉంటుందో, పిక్సెల్‌లో 0.4 అని ఉండి అది దేని 0.4 అని తెలియకపోవడం అలాంటిదే. సాఫ్ట్‌వేర్ ఏదైనా సరే, ఆ సమాచారం లేకపోతే అది ఊహించడమే తప్ప చేసేదేమీ లేదు. న్యూక్ చేసింది అదే. ఈఎక్స్‌ఆర్ అనగానే లోపల లీనియర్, అంటే నిజం వెలుతురుకి నేరుగా సరిపోయే అంకెలు, ఉంటాయని అనుకుంటుంది. మీకు ఇచ్చినవాళ్లు ఈఎక్స్‌ఆర్ డబ్బాలో లాగ్ పెట్టి ఇచ్చారు. అందుకే పాలిపోయినట్టు కనిపించింది.

లాగ్2లిన్ దగ్గర అసలు గొడవ మొదలైంది. ఆ నోడ్ ఫిల్మ్ స్కానింగ్ కాలం నాటి సినియాన్ కర్వ్ కోసం చేసింది. బ్లాక్ 95, వైట్ 685, గామా 0.6 అనే దాని డీఫాల్ట్ అంకెలు నెగటివ్ స్కాన్లవి. డిజిటల్ కెమెరా కర్వ్‌లు వేరు. లెక్క చూడండి. 18 శాతం గ్రే కార్డు, అంటే మిడ్ గ్రే, లీనియర్‌లో 0.18 కావాలి. అలెక్సా 35 రికార్డ్ చేసే లాగ్‌సి4లో అది 0.278 దగ్గర కూర్చుంటుంది. ఆ 0.278ని మీ లాగ్2లిన్‌కి ఇస్తే 0.036 వస్తుంది, అంటే రెండు స్టాప్‌లకి పైనే చీకటి (ఒక స్టాప్ తగ్గితే వెలుతురు సగం). మీరు గెయిన్ పెంచింది అందుకే. పైకొస్తే ఇంకా ఘోరం. లాగ్‌సి4లో 1.0 అంటే లీనియర్‌లో సుమారు 470. మీ నోడ్ దాన్ని 13.5కి దించేసింది. కాబట్టి మీరు పని చేసింది లీనియర్‌లో కాదు. హైలైట్లు నొక్కుకుపోయిన ఏదో మధ్యరకం స్పేస్‌లో. వెళ్లిన దారినే వెనక్కి వచ్చారు కాబట్టి ప్లేట్ మాత్రం క్షేమంగా ఇల్లు చేరింది. మధ్యలో మీరు కలిపినవన్నీ దెబ్బతిన్నాయి.

జుట్టు అంచు నల్ల గీత కూడా ఇక్కడిదే. సగం పారదర్శకంగా ఉన్న వెంట్రుక వెనక ప్రకాశవంతమైన ఆకాశం ఉంటే, నిజం వెలుతురులో ఆ రెండూ సగం సగం కలుస్తాయి. లీనియర్‌లో ఆ కూడిక సరిగ్గా వస్తుంది. హైలైట్లు నొక్కుకుపోయిన స్పేస్‌లో కలిపితే మిశ్రమం ఉండాల్సినదానికంటే చీకటిగా వస్తుంది. అదే గీత. మోషన్ బ్లర్, డీఫోకస్ కూడా ఇంతే. నిజం లీనియర్‌లో 40 విలువ ఉన్న బల్బు డీఫోకస్ అయితే మెరిసే బిళ్లలా పరుచుకుంటుంది. 5కి నొక్కేస్తే బూడిద మచ్చలా ఉంటుంది. ఇది కాక, అంచుల్లో గ్రేడ్ చేసేముందు అన్‌ప్రీమల్ట్ చేశారో (రంగుని పారదర్శకత చానెల్ ఆల్ఫాతో భాగించారో) లేదో ఒకసారి చూసుకోండి. ఆ తప్పు కూడా సరిగ్గా ఇలాగే కనిపిస్తుంది. రెండూ కలిసి ఉంటే ఏది ఎంతో తేల్చడం కష్టం.

ఇప్పుడు కెమెరాల సంగతి, ఇది కాస్త ఓపిగ్గా చదవండి.

అలెక్సా 35 వచ్చింది 2022లో. దానితోనే లాగ్‌సి4, ఆరీ వైడ్ గామట్ 4 వచ్చాయి. అంతకు ముందున్న మినీ, మినీ ఎల్‌ఎఫ్, ఎల్‌ఎఫ్ అన్నీ లాగ్‌సి3, ఆరీ వైడ్ గామట్ 3. రెండూ ఆరీవే కదా అని ఒకే సెట్టింగ్ పెట్టేవాళ్లని చాలామందిని చూశాను. లాగ్‌సి3లో మిడ్ గ్రే 0.391 దగ్గర ఉంటుంది. ఆ లాగ్‌సి3 కర్వ్‌తో లాగ్‌సి4 ప్లేట్‌ని తెరిస్తే 0.18 బదులు 0.057 వస్తుంది, ఒకటిన్నర స్టాప్‌కి పైగా తేడా. ఇది కంటికి తెలిసిపోతుంది కాబట్టి పెద్ద ప్రమాదం కాదు, ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఇంకో చిక్కు లాగ్‌సి3 కర్వ్ ఒక్కటి కాదు. కెమెరామన్ పెట్టిన ఎక్స్‌పోజర్ ఇండెక్స్‌ని (ఈఐ) బట్టి అది మారుతుంది. అందరూ ఈఐ 800 కర్వ్ పెట్టేస్తారు. మీ సెకండ్ యూనిట్ రాత్రి 1600లో తీసి ఉంటే అది సరిపోదు. లాగ్‌సి4కి ఈ బాధ లేదు, అన్ని ఈఐలకీ ఒకే కర్వ్.

అసలు ప్రమాదం మీ సోనీ ప్లేట్లలో ఉంది. ఎస్-లాగ్3లో మిడ్ గ్రే 10 బిట్ లెక్కలో 420 దగ్గర, అంటే 0.41. లాగ్‌సి3 మిడ్ గ్రేకి చాలా దగ్గర. పొరపాటున సోనీ ప్లేట్‌ని లాగ్‌సి3గా తెరిస్తే 0.18 బదులు 0.218 వస్తుంది. పావు స్టాప్ కంటే కొంచెం ఎక్కువ, అంతే. కంటికి బాగానే ఉంటుంది. ఎవరూ అనుమానించరు. కానీ పైన హైలైట్లు సరిగ్గా ఉండవు, గామట్ అసలే తప్పు, చర్మం రంగు కూడా పక్కకి జారుతుంది, అది కలరిస్ట్ పట్టుకుంటాడు. కాబట్టి "చూస్తే బాగానే ఉంది" అన్నది కలర్ స్పేస్ విషయంలో ఆధారం కాదు. వెనిస్‌లో కూడా ఎస్-గామట్3 అని ఒకటి, ఎస్-గామట్3.సినీ అని ఒకటి ఉన్నాయి. ఏది వాడారో రాతలో తీసుకోండి. రేపు ఎవరైనా రెడ్ కెమెరా ప్లేట్లు ఇస్తే అందులో లాగ్3జీ10, రెడ్ వైడ్ గామట్ ఉంటుంది, మిడ్ గ్రే సరిగ్గా మూడో వంతు దగ్గర, అంటే 0.333.

కర్వ్ సగం కథే అని పై మాటల్లోనే దొరికింది. లాగ్ కర్వ్ వెలుతురు ఎంత అన్నది చెప్తుంది. గామట్ ఆ ఎరుపు ఏ ఎరుపు అన్నది చెప్తుంది. లాగ్2లిన్ గామట్‌ని తాకనే తాకదు. మీ విగ్రహం కథ ఇక్కడే ఉంది. మీ సీజీ వాళ్లు మాయాలో మామూలు ఎస్‌ఆర్‌జీబీ ప్రైమరీలతో రెండర్ చేసి ఇచ్చారు. మీరు దాన్ని ఆరీ వైడ్ గామట్‌లో ఉన్న ప్లేట్ మీద నేరుగా మెర్జ్ చేశారు. మీ వ్యూయర్ కూడా గామట్ మార్చకుండా ఎస్‌ఆర్‌జీబీ కర్వ్ ఒక్కటే వేసి చూపిస్తోంది కాబట్టి మీకు విగ్రహం మామూలుగా, ప్లేట్ కొంచెం పాలిపోయి కనిపించి ఉంటుంది. ప్లేట్‌కి తగ్గట్టు విగ్రహం శాచురేషన్ కాస్త తగ్గించి కూడా ఉంటారు. డీఐలో ఆ మొత్తం ఫ్రేమ్‌ని ఆరీ గామట్ నుంచి రెక్ 709కో పీ3కో (టీవీ, థియేటర్ తెరల గామట్‌లు) మార్చారు. ఆ మార్పు ప్లేట్‌కి కావాల్సిన రంగు తెచ్చింది, అప్పటికే సరిపడా రంగు ఉన్న విగ్రహానికి ఇంకో దఫా రంగు పోసింది. అందుకే కళ్లలో పొడిచింది. కలరిస్ట్ తప్పేమీ లేదు, మీ సీజీ వాళ్లదీ లేదు.

మాటల్లో కంటే అంకెల్లో ఇది తేలిక. ఎస్‌ఆర్‌జీబీ స్వచ్ఛమైన ఎరుపు లీనియర్‌లో 1, 0, 0. అదే రంగుని ఏసెస్‌లో రెండర్, కాంప్ పనికి వాడే ఏసెస్‌సీజీలో రాస్తే సుమారు 0.613, 0.070, 0.021 అవుతుంది. రంగు అదే, అంకెలు వేరు. 1, 0, 0 అనే అంకెల్ని అలాగే ఏసెస్‌సీజీలో పెడితే అది మీ మానిటర్ చూపించలేనంత ఘాటు ఎరుపు. కాబట్టి సీజీ టెక్స్చర్లని రెండర్ ఇంజన్‌లోకి వెళ్లేటప్పుడే వర్కింగ్ స్పేస్‌లోకి మార్చాలి, రెండర్ కూడా అందులోనే రావాలి. రెండర్ వచ్చేశాక కాంప్‌లో మ్యాట్రిక్స్ వేసి మార్చినా పని జరుగుతుంది, గడువు దగ్గర పడితే నేనూ అదే చేయమంటాను. కానీ వెలుతురు బౌన్స్ అయిన చోట్ల రంగులు రెండు దారుల్లో కొంచెం తేడాగా వస్తాయి. కొత్త షాట్లకైనా టెక్స్చర్ల దగ్గరే సరిచేయండి. ఇక నార్మల్ మ్యాప్‌లు, రఫ్‌నెస్, మ్యాస్క్‌లు, డెప్త్, మోషన్ వెక్టర్లు రంగులు కావు. వాటి మీద ఏ కలర్ మార్పూ పడకూడదు, రీడ్ నోడ్‌లో రా డేటా అని టిక్ పెట్టండి. డెప్త్ పాస్‌కి ఎస్‌ఆర్‌జీబీ తగిలించి ఫోకస్ ఎందుకు కుదరడం లేదని రెండు రోజులు తల పట్టుకునే కుర్రాళ్లు ప్రతి స్టూడియోలోనూ కనిపిస్తారు.

మంట చచ్చుగా ఉండటం వేరే జబ్బు. మీరు వాడింది స్టాక్ ఫుటేజ్ అని రాశారు, బహుశా 8 బిట్ ఎమ్‌ఓవీ. డిస్‌ప్లే కోసం తయారైన ఫైల్‌లో అన్నిటికంటే తెల్లనిది 1.0. అదే ఫ్రేమ్‌లో ప్లేట్‌లోని నిజం దీపం 30, 40 ఉంటుంది. మంట 1 దగ్గర ఆగిపోతే అది వెలుగు కాదు, తెల్ల కాగితం. దానికి తోడు డీఐలో ఫిల్మ్ లుక్ ఇచ్చే లట్ (రంగులు మార్చే పట్టిక) 1.0ని తెరమీద పూర్తి తెలుపుగా చూపించదు, కొంచెం కింద పెడుతుంది. ఎక్కువ విలువలకి చోటు కావాలి కదా. అందుకే బూడిద పట్టినట్టు ఉంటుంది. ఏసెస్ 1 సిరీస్‌లో అయితే తెరమీద పూర్తి తెలుపు రావాలంటే సీన్ లీనియర్‌లో 16 దగ్గర ఉండాలి. దీనికి ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫామ్‌ని (తెరమీద చూపించడానికి చేసే మార్పు) తిరగేసి ఆ క్లిప్‌ని సీన్ లీనియర్‌లోకి తేవచ్చు. లేదా మామూలు ఎస్‌ఆర్‌జీబీగా తెరిచి, మంట నడిబొడ్డుకి ఒక ల్యూమా మ్యాట్ లాగి అక్కడ మాత్రం గెయిన్ పెంచవచ్చు. నాకు రెండోదే ఇష్టం. తిరగేసిన ట్రాన్స్‌ఫామ్‌లో 8 బిట్ క్లిప్ హైలైట్లు మెట్లు మెట్లుగా చీలుతాయి. టైటిల్ గ్రాఫిక్స్, కంపెనీ లోగోలకి మాత్రం తిరగేసిన ట్రాన్స్‌ఫామే సరి, ఎందుకంటే అక్కడ బ్రాండ్ రంగు అచ్చంగా అలాగే రావాలి.

నల్ల చుక్కలకి వద్దాం. కేబుల్ బ్రిడ్జి మీద నీలం, ఊదా ఎల్‌ఈడీలు తిరుగుతుంటాయి. వినాయక మండపాలు, పెళ్లి సెట్ల లైటింగ్, పాటల్లో వాడే ఎల్‌ఈడీ బార్లు, ఇప్పుడు ఎల్‌ఈడీ వాల్ మీద వర్చువల్ ప్రొడక్షన్, అన్నీ ఇదే జాతి. ఎల్‌ఈడీ వెలుగు చాలా సన్నటి తరంగదైర్ఘ్యాల ముక్క. కెమెరా సెన్సార్ దాన్ని చూసే తీరు మన కన్ను చూసే తీరుతో సరిపోలదు. అలాంటి రంగుని వర్కింగ్ స్పేస్‌లోకి మారిస్తే అది గామట్ బయట పడి, ఎరుపు చానెల్‌లోనో పచ్చ చానెల్‌లోనో మైనస్ విలువ వస్తుంది. ప్లేట్‌ని వట్టిగా చూస్తే ఏమీ తెలియదు. దాని మీద షార్పెన్, రీసైజ్, కీయర్, గామా ఏది వేసినా ఆ మైనస్ బయటపడి నల్ల చుక్కో రంగు చుక్కో అవుతుంది. మీరు చివర్లో వేసిన లిన్2లాగ్ సంగతి చెప్పక్కర్లేదు. మైనస్ అంకెకి లాగ్ అనేదే ఉండదు. అసలు కెమెరా కర్వ్‌ల్లో అడుగున ఒక సరళరేఖ ముక్క ఉంటుంది కాబట్టి చిన్న మైనస్‌లని అవి తట్టుకుంటాయి. సినియాన్ కర్వ్ తట్టుకోదు.

చాలామంది చేసే వైద్యం, రీడ్ నోడ్ కిందే క్లాంప్ పెట్టి సున్నా దగ్గర కోసేయడం. అది చేయకండి. ప్లేట్ మారిపోతుంది, పక్క షాట్‌లో అదే లైట్ వేరేగా ఉంటుంది, కలరిస్ట్ రెండు షాట్లూ కలపలేక మిమ్మల్నే అంటాడు. కీ లాగే, అంటే గ్రీన్ మ్యాట్ తీసే, నోడ్ల కొమ్మలో క్లాంప్ పెట్టుకోండి, అక్కడి నుంచి ఆల్ఫా మాత్రమే వాడుకోండి, అసలు ప్లేట్ కొమ్మని ముట్టకండి. మొత్తం సీక్వెన్స్ ఎల్‌ఈడీలతో నిండి ఉంటే ఏసెస్ 1.3తో వచ్చిన రిఫరెన్స్ గామట్ కంప్రెషన్ వాడవచ్చు. మైనస్‌లని గామట్ లోపలికి మెల్లగా తెస్తుంది, మామూలు రంగుల్ని ముట్టదు. దాన్ని ప్లేట్ తీసేటప్పుడు వేస్తారా, మీరు వేస్తారా, డీఐలో వేస్తారా అన్నది ముగ్గురూ కలిసి ముందే తేల్చుకోవాలి. రెండుసార్లు వేస్తే నీలం చచ్చిపోతుంది, ఒక్కరూ వేయకపోతే చుక్కలు మిగులుతాయి.

కీయింగ్ గురించి ఇంకో మాట. మెర్జ్, బ్లర్, డీఫోకస్, మోషన్ బ్లర్, గ్లో ఇవన్నీ లీనియర్‌లోనే. కానీ కీ లాగడం, డీనాయిస్, గ్రెయిన్ పోల్చుకోవడం, రీసైజ్, లెన్స్ డిస్టార్షన్ లాంటివి కొన్నిసార్లు లాగ్ కొమ్మలో బాగా వస్తాయి. లీనియర్‌లో హైలైట్ విలువలు మరీ పెద్దవి కావడంతో, అంచుని పదును చేసే ఫిల్టర్ ఆ పక్కన లోతైన నల్ల అంచు తవ్వేస్తుంది. అక్కడ లాగ్‌లోకి మార్చి ఫిల్టర్ వేసి తిరిగి లీనియర్‌కి రండి. కీలైట్ అనే కీయర్‌కి మాత్రం లీనియర్ ఇచ్చినా బాగానే ఉంటుంది. వర్షం సీన్లు, తడి జుట్టు ఉన్నచోట నేను రెండు కొమ్మల్లోనూ లాగి చూసి ఏది బాగుంటే అది తీసుకుంటాను.

ఇప్పుడు మీరు ఏం చేయాలి అన్నది. సినిమా మధ్యలో డెలివరీ పద్ధతి మార్చకండి. ఇప్పటికే కొన్ని షాట్లు డీఐ టైమ్‌లైన్‌లో కూర్చున్నాయి. సగం ఒక రకంగా, సగం ఇంకో రకంగా వెళ్తే అక్కడ టెన్షన్, ఇక్కడ టెన్షన్. ప్లేట్ ఏ కర్వ్‌లో, ఏ గామట్‌లో వచ్చిందో అదే కర్వ్‌లో, అదే గామట్‌లో తిరిగి వెళ్లాలి. మార్చాల్సింది మీ లోపలి పద్ధతి. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో కలర్ మేనేజ్‌మెంట్‌ని ఓసీఐఓకి (కలర్ స్పేస్ మార్పులు చూసుకునే వ్యవస్థ) మార్చండి, ఏసెస్ కాన్ఫిగ్ పెట్టుకోండి, వర్కింగ్ స్పేస్ ఏసెస్‌సీజీ. ప్రతి రీడ్ నోడ్‌లో దాని కెమెరా స్పేస్ ఎంచుకోండి. అలెక్సా 35కి లాగ్‌సి4, మినీకి దాని ఈఐకి తగ్గ లాగ్‌సి3, వెనిస్‌కి ఎస్-లాగ్3తోపాటు సరైన గామట్. కర్వ్, గామట్ రెండూ ఒకేసారి మారతాయి. లాగ్2లిన్ నోడ్‌ని స్క్రిప్ట్‌ల్లోంచి పీకేయండి. రైట్ నోడ్‌లో తిరిగి ఆ ప్లేట్ స్పేస్. ఒకే షాట్‌లో రెండు కెమెరాల ఎలిమెంట్లు కలిస్తే బ్యాక్‌గ్రౌండ్ ప్లేట్ ఎవరిదైతే షాట్ వాళ్ల స్పేస్‌లో వెళ్తుంది. డీఐ వాళ్లు వేరేగా అడిగితే వాళ్ల మాటే.

ఏసెస్ పేరుతో రెండు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి, అందుకే చాలామంది భయపడతారు. ఒకటి లోపల పని చేసే గామట్‌లు: దాచుకోవడానికి ఏపీ0, రెండర్‌కీ కాంప్‌కీ ఏపీ1 మీద కట్టిన ఏసెస్‌సీజీ, గ్రేడింగ్‌కి ఏసెస్‌సీసీటీ. రెండోది ఆఖర్న తెరమీద చూపించే ట్రాన్స్‌ఫామ్, దాని సొంత లుక్. మొదటిది వాడి రెండోది వాడకపోవచ్చు. మీ డీఐ వాళ్లు సొంత లట్‌తో గ్రేడ్ చేస్తుంటే మీ వ్యూయర్‌లో ఏసెస్ లుక్ అక్కర్లేదు, వాళ్ల లట్ కావాలి. ఒకవేళ వాళ్లూ ఏసెస్‌లోనే చేస్తుంటే వెర్షన్ అడగండి. 1.3కి, 2025లో వచ్చిన 2.0కి చూపించే ట్రాన్స్‌ఫామ్‌లు వేరు, బొమ్మ వేరేగా కనిపిస్తుంది.

వ్యూయర్ ఎలా కట్టాలంటే, ముందు వర్కింగ్ స్పేస్ నుంచి లట్ ఆశించే లాగ్‌లోకి మార్చాలి, ఆపైన ఆ షాట్ సీడీఎల్ (కలరిస్ట్ ఇచ్చే గ్రేడ్ అంకెలు), ఆపైన లట్. లట్ లాగ్‌సి4 కోసం చేసిందైతే సోనీ షాట్‌ని కూడా చూసేటప్పుడు లాగ్‌సి4లోకి మార్చే లట్‌కి ఇవ్వాలి. లాగ్‌సి3 కోసం చేసిన పాత లట్‌ని లాగ్‌సి4 బొమ్మకి తగిలిస్తే చీకటిగా వస్తుంది, దాన్ని చూసి మీరు సీజీని వెలిగిస్తూ కూర్చుంటారు. సీడీఎల్ కూడా ఏ లాగ్‌లో చేశారో ఆ లాగ్‌లోనే వేయాలి. స్లోప్, ఆఫ్‌సెట్, పవర్ అంకెలు అవే అయినా స్పేస్ మారితే ఫలితం మారుతుంది. ఇవన్నీ చూడటానికే, రైట్ నోడ్‌లోకి ఏ ఒక్కటీ పోకూడదు. లట్ కాల్చేసిన ఈఎక్స్‌ఆర్ డీఐకి వెళ్తే వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎడిటింగ్ నుంచి వచ్చే ఎమ్‌ఓవీ రిఫరెన్స్‌ని అంకెలకి ఆధారంగా తీసుకోకండి. ప్రోరెస్ క్విక్‌టైమ్‌లో గామా ట్యాగులు ఒక ప్లేయర్‌లో ఒకలా, ఇంకో ప్లేయర్‌లో ఇంకోలా పని చేస్తాయి. లీగల్ రేంజ్, ఫుల్ రేంజ్ గందరగోళం అదనం. ఫ్రేమింగ్‌కీ టైమింగ్‌కీ దాన్ని నమ్మండి. ఇక డైరెక్టర్ గారికి షాట్ వాట్సాప్‌లో పంపడం గురించి నేను చెప్పినా ఎవరూ మానరని తెలుసు. కనీసం రంగు మీద వచ్చిన కామెంట్‌ని వాట్సాప్ చూసి సరిచేయకండి. ఆయన ఫోన్‌లో బ్రైట్‌నెస్ సగం, నైట్ మోడ్ ఆన్, ఎదురుగా క్యారవాన్ కిటికీ. "డల్‌గా ఉంది" అన్న ఆ మాటకి షాట్ పట్టుకుని గ్రేడ్ చేస్తే డీఐలో మళ్లీ నియాన్ విగ్రహమే. రంగు మాట వస్తే డీఐ సూట్‌లో చూడమనండి, లేదంటే కాలిబ్రేట్ చేసిన మానిటర్ ఉన్న మీ గదిలో ట్యూబ్‌లైట్లు ఆర్పి చూపించండి.

పంపేముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఇది ఒక్కటి చేసినా మీ షాట్లు తిరిగి రావడం సగానికి సగం తగ్గుతుంది. ప్లేట్‌ని రీడ్ చేసి, వర్కింగ్ స్పేస్‌లోకి తెచ్చి, ఏమీ చేయకుండా రైట్ చేయండి. రాసిన ఫైల్‌నీ అసలు ప్లేట్‌నీ రా డేటా పెట్టి రెండు రీడ్ నోడ్లలో తెరిచి తేడా తీయండి. తేడా మీద గెయిన్ వంద పెట్టి చూడండి. హాఫ్ ఫ్లోట్ రౌండింగ్ వల్ల సన్నటి దుమ్ములాంటిది కనిపించవచ్చు, అది సమస్య కాదు. మనిషి ఆకారం, అంచులు, లైట్లు గుర్తుపట్టేలా కనిపిస్తే ఎక్కడో దారి తప్పినట్టే. కెమెరాకి ఒక ప్లేట్ చొప్పున, అలెక్సా 35, మినీ, వెనిస్ మూడింటికీ చేయండి. ఆ ఫైళ్లనే డీఐకి పంపి, వాళ్ల టైమ్‌లైన్‌లో ఒరిజినల్ మీద పెట్టి వైప్ చేసి చూడమనండి. కలరిస్ట్‌కి ఐదు నిమిషాల పని, ఎవరూ కాదనరు. అది పాస్ అయ్యాకే విగ్రహం షాట్లు మళ్లీ తెరవండి.

షాట్ పూర్తయ్యాక కూడా అదే తేడా తీయండి. మీరు ముట్టని భాగం పూర్తిగా నల్లగా రావాలి. డీనాయిస్ చేసి తిరిగి గ్రెయిన్ వేసిన ప్లేట్ మొత్తం ఫ్రేమ్‌కి వెళ్లిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. మీరు పని చేసిన చోట తప్ప మిగతా అంతా అసలు ప్లేట్ పిక్సెల్స్ కీమిక్స్ నోడ్‌తో వెనక్కి తేవాలి. ఈఎక్స్‌ఆర్ కంప్రెషన్ జిప్ పెట్టండి, అది ఏ సమాచారమూ పోగొట్టదు. డీడబ్ల్యూఏ చోటు తక్కువ తీసుకుంటుంది కానీ లాసీ, లోపలి ప్రీకాంప్‌లకి సరే, డెలివరీకి వద్దు.

మీరు అడగలేదు కానీ ప్రశ్న చివర్లో "ఈసారి రా ఫైళ్లే ఇవ్వమంటే బాగుంటుందా" అన్నట్టు ఒక మాట ఉంది. వద్దు. రా ఫైల్‌లో వైట్ బ్యాలెన్స్, ఈఐ, డీబేయర్ (సెన్సార్ డేటాని రంగు బొమ్మగా మార్చడం) నాణ్యత అన్నీ తెరిచేవాళ్లు నిర్ణయించే విషయాలు. మీరు న్యూక్‌లో ఒకలా, డీఐ వాళ్లు రిజాల్వ్‌లోనో బేస్‌లైట్‌లోనో ఇంకోలా డీబేయర్ చేస్తే షార్ప్‌నెస్, నాయిస్ తేడా వస్తుంది, షాట్ కట్ దగ్గర తెలుస్తుంది. డీబేయర్ ఒక్క చోటే, గ్రేడ్ చేసేవాళ్ల దగ్గరే జరగాలి. మీరు అడగాల్సింది ప్లేట్లతోపాటు ఒక చిన్న షీట్. అందులో షాట్ పేరు, కెమెరా, కర్వ్, గామట్, ఈఐ, వైట్ బ్యాలెన్స్, గామట్ కంప్రెషన్ వేశారా లేదా, లట్ ఫైల్ పేరు, సీడీఎల్ ఏ స్పేస్‌లో, తిరిగి ఏ స్పేస్‌లో కావాలి ఇవి ఉంటే చాలు. మెయిల్‌లో రాయించుకోండి, ఫోన్‌లో "మామూలే బ్రో, లాగ్" అంటే ఒప్పుకోవద్దు. షీట్ ఇవ్వకపోతే వాళ్ల దగ్గర ఒక గ్రే కార్డు ఫ్రేమ్ ఉంటుంది, కెమెరా టెస్టులోదో క్లాప్ దగ్గరదో. అది తెప్పించి రా డేటాలో పిక్సెల్ కొలవండి. ఎక్స్‌పోజర్ సరిగ్గా ఉంటే 0.28 దగ్గర వస్తే లాగ్‌సి4, 0.33 అయితే రెడ్. 0.39 నుంచి 0.41 మధ్య వస్తే లాగ్‌సి3నో ఎస్-లాగ్3నో అంకెలతో తేల్చలేరు, అప్పుడు మళ్లీ ఫోన్ చేయాల్సిందే.

మూడు కెమెరాల తేడా పరీక్ష చేశాక గెయిన్ పెట్టిన స్క్రీన్‌షాట్‌లు ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా వెనిస్ ప్లేట్‌ది, బ్రిడ్జి లైటు మీద పిక్సెల్ విలువలతో సహా. ఎరుపు చానెల్ మైనస్‌లో ఎంత లోతుకి వెళ్తోందో చూస్తే గామట్ కంప్రెషన్ అవసరమా, కీ కొమ్మలో క్లాంప్ సరిపోతుందా చెప్పగలను.